సమాంతర రేఖ సమీకరణం: ఒక చిన్న లెక్క వెనక ఉన్న పెద్ద చరిత్ర

ప్రవేశం

నిరూపక జ్యామితి చదివిన ప్రతి ఒక్కరికీ పరిచయమైన ప్రశ్న ఇది. 3ఎక్స్ − 4వై + 5 = 0 అనే రేఖకు సమాంతరంగా ఉంటూ (2, −1) బిందువు గుండా పోయే సరళరేఖ సమీకరణం కనుక్కోండి. జవాబుకు మూడు వరుసలు చాలు. సమాంతర రేఖ కాబట్టి ఎక్స్, వైల గుణకాలను అలాగే ఉంచి స్థిరపదాన్ని మాత్రం మారుస్తాం: 3ఎక్స్ − 4వై + కె = 0. ఈ రేఖ (2, −1) గుండా పోవాలి కనుక 6 + 4 + కె = 0, అంటే కె = −10. కావలసిన రేఖ 3ఎక్స్ − 4వై − 10 = 0.

లెక్క అయిపోయింది, మార్కులు కూడా వచ్చేస్తాయి. అయితే ఈ మూడు వరుసల్లో మనం రెండు విషయాలను చర్చ లేకుండా ఒప్పేసుకొన్నాం. సమాంతర రేఖలకు గుణకాలు ఎందుకు మారవు అన్నది మొదటిది. కెకి ఒకే ఒక విలువ వచ్చింది కదా, అంటే ఆ బిందువు గుండా ఒకే ఒక సమాంతర రేఖ ఉందని అర్థం. అలా ఒకటే ఉండాలని ఎవరు నిర్ణయించారు అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు 17వ శతాబ్దంలో దొరికింది. రెండో ప్రశ్న యూక్లిడ్ కాలంలో మొదలై 19వ శతాబ్దం దాకా గణిత శాస్త్రజ్ఞులను నిద్రపోనివ్వలేదు. ఈ పాఠ్యాంశంలో ఆ రెండు కథలను కలిపి చదువుకొందాం. కొత్త సూత్రాలు నేర్పడం దీని ఉద్దేశం కాదు. మీకు ఇప్పటికే తెలిసిన సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూపడమే ఉద్దేశం.

యూక్లిడ్ గీసిన సమాంతర రేఖ

క్రీ.పూ. 300 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథాన్ని 13 భాగాలుగా కూర్చాడు. మన లెక్కకు మూలరూపం అందులోని మొదటి భాగంలో 31వ ప్రతిపాదనగా కనిపిస్తుంది: ఇచ్చిన బిందువు గుండా, ఇచ్చిన సరళరేఖకు సమాంతరంగా ఒక సరళరేఖ గీయడం. సమీకరణం లేదు, నిరూపకాలు లేవు, సంఖ్యలు అసలే లేవు. కానీ అడిగిన ప్రశ్న మాత్రం మనదే.

యూక్లిడ్ చేసిన పని చాలా సులువైనది. ఇచ్చిన రేఖ మీద ఏదో ఒక బిందువు తీసుకొని, దాన్ని ఇచ్చిన బయటి బిందువుతో కలుపుతాడు. ఆ కలిపిన రేఖ ఇచ్చిన రేఖతో చేసే కోణాన్ని, బయటి బిందువు దగ్గర ఏకాంతర కోణంగా తిరిగి గీస్తాడు. ఏకాంతర కోణాలు సమానమైతే రేఖలు సమాంతరమని 27వ ప్రతిపాదనలో అంతకుముందే నిరూపించి ఉంచుకొన్నాడు కాబట్టి పని పూర్తయింది. చిన్నప్పుడు జామెట్రీ బాక్సులోని స్కేలుకు మూలమట్టాన్ని ఆనించి జరుపుతూ సమాంతర రేఖలు గీసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ జరిగింది కూడా ఇంచుమించు ఇదే. మూలమట్టం జరిగినా దాని కోణం మారదు. కోణం మారలేదు కనుక రేఖ దిశ మారలేదు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. 31వ ప్రతిపాదన "ఒక సమాంతర రేఖను గీయవచ్చు" అని మాత్రమే చెబుతుంది. "ఒకటే గీయగలం" అని చెప్పదు. ఒకటే అన్న హామీ యూక్లిడ్ గ్రంథారంభంలో పెట్టుకొన్న అయిదో స్వీకృతం నుంచి వస్తుంది. రెండు రేఖలను మూడో రేఖ ఖండించినప్పుడు, ఒక పక్కన ఉన్న అంతర కోణాల మొత్తం రెండు లంబకోణాల కంటే తక్కువైతే, ఆ రెండు రేఖలను పొడిగించినప్పుడు ఆ పక్కనే అవి కలుసుకొంటాయి. ఇదీ ఆ స్వీకృతం. మిగిలిన నాలుగు స్వీకృతాలు ఒక్కొక్కటి ఒక్క ముక్కలో ముగిసిపోతే, ఇది మాత్రం సిద్ధాంతమంత పొడవుంది. యూక్లిడ్‌కు కూడా దీన్ని వాడటం ఇష్టం లేనట్లే ఉంటుంది. మొదటి 28 ప్రతిపాదనల్లో దాని జోలికే పోలేదు, 29వ ప్రతిపాదనలోనే మొదటిసారి బయటికి తీశాడు.

మన పాఠ్యపుస్తకాల్లో ఈ అయిదో స్వీకృతానికి బదులు ఎక్కువగా కనిపించేది ప్లేఫెయిర్ స్వీకృతం. ఒక రేఖకు, దానిపై లేని బిందువు గుండా ఒకే ఒక సమాంతర రేఖ ఉంటుందన్నది దాని సారాంశం. ఎడిన్‌బరోకు చెందిన జాన్ ప్లేఫెయిర్ 1795లో తాను ప్రచురించిన జ్యామితి పుస్తకంలో దీన్ని వాడటంతో ఆయన పేరు స్థిరపడిపోయింది. నిజానికి అయిదో శతాబ్దంలోనే ప్రోక్లస్ యూక్లిడ్ మీద రాసిన వ్యాఖ్యానంలో ఈ భావం ఉంది. గణితంలో పేర్లు చాలాసార్లు మొదట చెప్పినవారికి దక్కవు, బడిపిల్లల చేతికి అందించినవారికి దక్కుతాయి. ఈ పాఠ్యాంశంలో ఇలాంటివి ఇంకా చూస్తారు.

గీత నుంచి సంఖ్యకు

యూక్లిడ్ రేఖకు, మన సమీకరణానికి మధ్య ఉన్న వారధి ఒక్కరోజులో కట్టింది కాదు. క్రీ.పూ. 200 ప్రాంతంలో పెర్గా నగరానికి చెందిన అపోలోనియస్ శాంకవాల మీద రాసిన గ్రంథంలో, ఒక వక్రరేఖ ధర్మాలను చెప్పడానికి దాని వ్యాసం మీద వరుసగా, ఒకదానికొకటి సమాంతరంగా గీతలు నిలబెట్టాడు. గ్రీకులో ఆ గీతలను "క్రమంగా గీసినవి" అనే అర్థం వచ్చే మాటతో పిలిచాడు. ఐరోపా భాషల్లో వై-నిరూపకానికి ఈనాటికీ వాడే పేరు ఆ మాటకు లాటిన్ అనువాదం నుంచి వచ్చిందే. అంటే నిరూపకం అన్న భావనే సమాంతర రేఖల గుంపు నుంచి పుట్టింది. మీ గ్రాఫ్ కాగితాన్ని ఒకసారి చూడండి. దాని మీద సమాంతర రేఖలు తప్ప ఇంకేం ఉన్నాయి?

14వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన నికోల్ ఒరెమ్, మారుతున్న వేగం వంటి రాశులను నిలువు గీతల ఎత్తులుగా చూపే పద్ధతిని వివరించాడు. సమంగా పెరిగే రాశికి ఆ ఎత్తుల కొసలు ఒక సరళరేఖ మీద ఉంటాయని, ఎత్తుల తేడాలకు, దూరాల తేడాలకు ఒకే నిష్పత్తి ఉంటుందని ఆయన గుర్తించాడు. ఇవాళ మనం వాలు అంటున్నది ఈ నిష్పత్తినే. కానీ దాన్ని రాయడానికి ఒరెమ్ దగ్గర బీజగణితం లేదు. ఆ లోటు తీరడానికి మరో 250 ఏళ్లు ఆగవలసి వచ్చింది.

ఫెర్మా రాసిన మొదటి సరళరేఖ

సరళరేఖ సమీకరణాన్ని ఎవరు కనిపెట్టారు అని అడిగితే ఎక్కువమంది విద్యార్థులు రెనె డెకార్ట్ పేరు చెబుతారు. ఆ జవాబు పూర్తిగా సరైనది కాదు. ఫ్రాన్సులోని టూలూజ్ న్యాయస్థానంలో అధికారిగా పనిచేస్తూ తీరిక సమయంలో గణితం చేసిన పియర్ ద ఫెర్మా 1636 ప్రాంతంలో బిందుపథాల మీద ఒక చిన్న పరిచయ గ్రంథం రాశాడు. అది చేతిరాత ప్రతులుగా పండితుల మధ్య తిరిగింది. ఆయన 1665లో చనిపోయాక, 1679లో ఆయన కుమారుడు ప్రచురించిన రచనల్లో గానీ అచ్చు కాలేదు. ఒక సమీకరణంలో రెండు తెలియని రాశులు ఉంటే వాటిలో ఒకదాని కొస ఒక రేఖను గీస్తుందన్నది ఆ గ్రంథానికి పునాది సూత్రం. మొదటి ఉదాహరణ సరళరేఖే.

ఫెర్మా పద్ధతిని మన మాటల్లో చూద్దాం. తెలియని రాశులకు అచ్చులు, తెలిసిన రాశులకు హల్లులు వాడటం వియెట్ నుంచి ఆయనకు అబ్బిన అలవాటు. ఒక అడ్డగీత మీద న అనే స్థిర బిందువు తీసుకోండి. న నుంచి ఆ గీత వెంట కొలిచిన దూరం ఎ. ఆ దూరం ముగిసిన చోట నుంచి ఒక నిర్ణీత కోణంలో పైకి లేచే గీత పొడవు ఇ. ఈ రెండింటికీ డి × ఎ = బి × ఇ అనే సంబంధం ఉందనుకొందాం. అప్పుడు ఇకి, ఎకి మధ్య నిష్పత్తి ఎప్పుడూ డి : బి గానే ఉంటుంది. ఎ చిన్నదైనా పెద్దదైనా ఏర్పడే త్రిభుజాలన్నీ సరూపాలు. కాబట్టి ఇ కొస ఎప్పుడూ న గుండా పోయే ఒకే సరళరేఖ మీద ఉంటుంది.

ఆ వెంటనే ఫెర్మా ఇంకో మెట్టు ఎక్కాడు. ఈసారి సమీకరణంలో ఒక స్థిరపదం కూడా ఉంది: జడ్ − డి × ఎ = బి × ఇ. దీనికి ఆయన చేసిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. డి × ఆర్ = జడ్ అయ్యేటట్లు ఆర్ అనే పొడవును ఎంచుకొన్నాడు. అప్పుడు సమీకరణం డి × (ఆర్ − ఎ) = బి × ఇ అవుతుంది. అంటే న నుంచి ఆర్ దూరంలో మ అనే బిందువు పెట్టి, అక్కడి నుంచి వెనక్కి కొలిస్తే మళ్లీ మొదటి రూపమే. నిష్పత్తి మారలేదు, అదే డి : బి. రేఖ వాలే పక్క మాత్రం ఎదురుగా మారింది, కొలత మొదలయ్యే చోటు మారింది.

సంఖ్యలు వేసి చూస్తే మన మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. డి = 3, బి = 4 అనుకోండి. జడ్ = 12 అయితే మ బిందువు న నుంచి 4 యూనిట్ల దూరంలో ఉంటుంది. జడ్ = 24 అయితే 8 యూనిట్ల దూరంలో ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ వెనక్కి 4 యూనిట్లు వస్తే 3 యూనిట్లు పైకి లేవాలి. రెండు రేఖలూ అడ్డగీతతో ఒకే కోణం చేస్తాయి, కాబట్టి యూక్లిడ్ చెప్పినట్లు సమాంతరాలు. ఎ, ఇల గుణకాలు కోణాన్ని నిర్ణయిస్తాయి. స్థిరపదం చోటును నిర్ణయిస్తుంది. "గుణకాలు అలాగే ఉంచి కెని మార్చండి" అని మనం బట్టీ పట్టిన సూత్రంలోని సారం ఇదే. ఫెర్మా దీన్ని సమాంతర రేఖల సూత్రంగా విడిగా ప్రకటించలేదు. ఆయనకు కావలసింది బిందుపథం. కానీ ఆయన వేసిన మెట్ల మీదే మనం నడుస్తున్నాం.

మీరే చేసి చూడండి: గ్రాఫ్ కాగితం మీద 3ఎక్స్ + 4వై = 12, 3ఎక్స్ + 4వై = 24, 3ఎక్స్ + 4వై = 0 రేఖలను గీయండి. కుడి పక్క స్థిరపదం ఒక్కొక్కటి చొప్పున పెరిగితే రేఖ ఎక్స్-అక్షం మీద ఎంత జరుగుతుందో, వై-అక్షం మీద ఎంత జరుగుతుందో కొలవండి. రెండు జరుగుళ్లు సమానం కావు. ఎందుకో ఆలోచించండి.

డెకార్ట్ వదిలేసినది, డి విట్ పూరించినది

1637లో హాలండులోని లైడెన్ నగరంలో డెకార్ట్ రాసిన తత్వశాస్త్ర గ్రంథం అచ్చయింది. దానికి అనుబంధంగా వచ్చిన మూడు వ్యాసాల్లో ఒకటి జ్యామితి గురించినది. తెలిసిన రాశులకు అక్షరమాల మొదటి అక్షరాలు, తెలియని వాటికి చివరి అక్షరాలు వాడే పద్ధతి అక్కడి నుంచే మనకు వచ్చింది. ఎక్స్, వై అని మనం రాస్తున్నామంటే అది డెకార్ట్ చలవే. కానీ ఆ వ్యాసంలో మీరు వై = ఎమ్ఎక్స్ + సి కోసం వెతికితే నిరాశపడతారు. ఆయన దృష్టంతా ప్రాచీన గ్రీకు పండితుడు పాపస్ మిగిల్చిన ఒక కఠినమైన బిందుపథ సమస్య మీద, పై తరగతి వక్రరేఖల మీద ఉంది. సరళరేఖ ఆయనకు మరీ తేలిక. అడ్డంగా ఒక అక్షం, నిలువుగా ఒక అక్షం గీసి మూలబిందువు పెట్టే మన అలవాటు కూడా ఆ వ్యాసంలో లేదు. అక్షానికి బదులు సమస్యలో దొరికిన ఏదో ఒక గీతను వాడుకొంటాడు. "కార్టీజియన్ తలం" అన్న పేరు ఆయనది కాదు, తరవాతివారు ఆయన గౌరవార్థం పెట్టుకొన్నది. నిరూపకాలు అన్న అర్థంలో వాడే లాటిన్ మాటను 1692లో లైబ్నిట్జ్ ప్రవేశపెట్టాడు.

డెకార్ట్ వ్యాసం చదవడం కష్టం. కావాలనే కొన్ని మెట్లు వదిలేశానని ఆయనే చెప్పుకొన్నాడు. దాన్ని సామాన్య విద్యార్థుల దగ్గరకు చేర్చిన ఘనత డచ్ అధ్యాపకుడు ఫ్రాన్స్ వాన్ స్కూటెన్‌ది. ఆయన 1649లో దాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. 1659-61లో వివరమైన వ్యాఖ్యానాలతో, శిష్యుల వ్యాసాలతో పెద్ద ముద్రణ తెచ్చాడు. ఆ శిష్యుల్లో ఒకడు యాన్ డి విట్. ఇతడు వృత్తిరీత్యా రాజకీయ నాయకుడు, రెండు దశాబ్దాల పాటు డచ్ గణతంత్రాన్ని నడిపినవాడు. 1672లో ఫ్రెంచి సైన్యం దేశంలోకి చొచ్చుకొచ్చినప్పుడు కోపోద్రిక్తులైన జనం హేగ్ నగరంలో అతణ్ణి, అతని అన్నను చంపేశారు. గణిత చరిత్రలో మాత్రం అతను వేరే కారణానికి నిలిచాడు. సరళరేఖ మొదలుకొని శాంకవాల దాకా సమీకరణాలను ఒక క్రమంలో, పాఠ్యపుస్తకంలా వివరించిన తొలి రచనల్లో అతనిది ఒకటి.

డి విట్ రచనలో సరళరేఖ ఒక్క సమీకరణం కాదు, విడివిడి సందర్భాలు. స్థిరపదం లేనిది, కూడేది, తీసివేసేది, ఎక్స్ పదమే రుణాత్మకమైనది, ఇలా ఒక్కొక్కదానికి ఒక్కో బొమ్మ. మనకు వింతగా తోస్తుంది. దీనికి కారణం రుణ నిరూపకాలు అప్పటికి నిలదొక్కుకోకపోవడమే. దూరం రుణాత్మకం ఎలా అవుతుంది? అందుకే రేఖ మొత్తం కాకుండా, రెండు నిరూపకాలూ ధనాత్మకమైన మొదటి పాదంలోని ముక్కనే గీసేవారు. మన లెక్కలోని (2, −1) బిందువును డి విట్‌కు ఇస్తే ఆయనకు లెక్కే అర్థమయ్యేది కాదు. నాలుగు పాదాల్లోనూ ధైర్యంగా వక్రరేఖలు గీసి చూపినవాడు న్యూటన్. మూడో తరగతి వక్రరేఖల మీద ఆయన రాసిన గ్రంథం 1704లో అచ్చయింది. మూలబిందువుకు నాలుగు వైపులా రాశులు ధన రుణాలుగా మారే పద్ధతి అలా స్థిరపడింది. 1748లో ఆయిలర్ తన గ్రంథంలో మొదటి తరగతి సమీకరణాన్ని సాధారణ రూపంలో రాసి, అది ఎప్పుడూ సరళరేఖనే సూచిస్తుందని చెప్పేసరికి డి విట్ విడివిడి సందర్భాలన్నీ ఒకే వరుసలో ఇమిడిపోయాయి.

ఈ సాధారణ రూపానికి ఇంకో సుగుణం ఉంది. ఎక్స్ = 5 వంటి నిలువు రేఖకు వాలు నిర్వచితం కాదు. వాలు కనుక్కొని, సమానం చేసి, ముందుకు పోవడం అలవాటైన విద్యార్థి ఇక్కడ ఆగిపోతాడు. సాధారణ రూపం వాడితే ఏ ఇబ్బందీ లేదు. ఎక్స్ − 5 = 0కి సమాంతర రేఖ ఎక్స్ + కె = 0, అంతే. కాంటాక్ట్ తరగతుల్లో ఈ సందర్భం తరచూ అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాం.

మోంజ్ చేతిలో సూత్రం

సూత్రం సిద్ధమైనా అది బడికి రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. 18వ శతాబ్దపు గణితజ్ఞులకు సరళరేఖ మీద శ్రద్ధ తక్కువ. అందరికీ తెలిసిందేలే అని దాటవేసేవారు. ఆ దాటవేత ఆగింది ఒక ఉపాధ్యాయుడి వల్ల. గాస్పార్ మోంజ్ ఫ్రాన్సులోని మెజియేర్‌లో సైనిక ఇంజనీర్లకు పాఠాలు చెప్పేవాడు. కోటలు కట్టేవారికి రేఖలు, తలాలు ఎక్కడ ఎలా కలుస్తాయో ప్రతిరోజూ అవసరం. 1784లో అచ్చయిన ఒక వ్యాసంలో మోంజ్, రేఖ సమీకరణం వై = ఎఎక్స్ + బి అని మొదలుపెట్టి, ఆ రేఖ ఒక నిర్ణీత బిందువు గుండా పోవాలంటే బి విలువ నిర్ణయమైపోతుందని, అప్పుడు సమీకరణం వై − వై₁ = ఎ(ఎక్స్ − ఎక్స్₁) అవుతుందని రాశాడు. ఇందులో ఎ అంటే ఎక్స్-అక్షంతో రేఖ చేసే కోణానికి టాన్ విలువ. మనం వాలు-బిందు రూపం అంటున్నది ఇదే.

మన లెక్కను మోంజ్ పద్ధతిలో చేద్దాం. ఇచ్చిన రేఖ వాలు 3/4. బిందువు (2, −1). కాబట్టి వై + 1 = (3/4)(ఎక్స్ − 2). రెండు పక్కలా 4తో గుణిస్తే 4వై + 4 = 3ఎక్స్ − 6, అంటే 3ఎక్స్ − 4వై − 10 = 0. జవాబు కలిసింది. గమనించండి: యూక్లిడ్ బయటి బిందువు దగ్గర కోణాన్ని తిరిగి గీశాడు, మోంజ్ బయటి బిందువు దగ్గర వాలును తిరిగి రాశాడు. 2000 ఏళ్ల తేడాలో చేసిన పని ఒక్కటే.

ఫ్రెంచి విప్లవం తరవాత 1794లో పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ మొదలైంది. మోంజ్ అక్కడ పాఠాలు చెప్పాడు. వందల మంది విద్యార్థులు, పరీక్షలు, అచ్చు పుస్తకాలు వచ్చాయి. 1798-99లో సిల్వెస్టర్ లాక్రువా రాసిన పాఠ్యపుస్తకం దశాబ్దాల తరబడి పునర్ముద్రణలు పొందింది. రెండు బిందువుల గుండా పోయే రేఖ, ఒక రేఖకు సమాంతర రేఖ, లంబ రేఖ, రెండు బిందువుల మధ్య దూరం అని మనకు కంఠతా వచ్చిన వరుస ఈ తరంలో రూపుదిద్దుకొన్నదే. ఇంగ్లీషు బళ్లకు, వాటి ద్వారా మన దేశానికి అది మెల్లగా వచ్చింది. 1895లో వెలువడిన ఎస్.ఎల్. లోనీ నిరూపక జ్యామితి పుస్తకం మన విద్యార్థుల చేతుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

వాలుకు ఎమ్ అనే అక్షరం ఎందుకు అన్నది మరో సరదా ప్రశ్న. "ఎక్కు" అనే అర్థం వచ్చే ఫ్రెంచి క్రియ మొదటి అక్షరం అది, డెకార్ట్ పెట్టాడు అని చాలామంది చెబుతుంటారు. దీనికి ఆధారం లేదు. డెకార్ట్ అలా వాడలేదు, ఫ్రెంచి పుస్తకాల్లో వాలుకు ఎ అనే అక్షరం కూడా వాడుతుంటారు. ఎమ్ అక్షరం ఇటలీకి చెందిన విన్సెంజో రికాటి 1757లో రాసిన రచనలో, ఆ తరవాత ఇంగ్లండులో మాథ్యూ ఓబ్రయన్ 1844 పాఠ్యపుస్తకంలో కనిపిస్తుంది. మనకు అలవాటైన వై = ఎమ్ఎక్స్ + సి రూపం 1855 నాటి టాడ్‌హంటర్ పుస్తకంలో ఉంది. అక్షరం ఏదైతేనేం, మన తెలుగు మాట వాలు ఇంకా మెరుగు. ఇంటి పైకప్పు వాలు, పొలంలో నీటి వాలు తెలిసినవారికి ఆ మాట వేరే వివరణ లేకుండా అర్థమవుతుంది.

ఒక్కటే ఎందుకు?

ఇప్పుడు రెండో ప్రశ్న. కెకి ఒకే విలువ వచ్చింది కాబట్టి సమాంతర రేఖ ఒక్కటే అని బీజగణితం నిరూపించేసినట్లు కనిపిస్తుంది. మరి శతాబ్దాల పాటు అయిదో స్వీకృతాన్ని నిరూపించాలని తలలు బద్దలు కొట్టుకొన్నవారికి ఈ మూడు వరుసలు ఎందుకు తట్టలేదు? కారణం, ఆ మూడు వరుసల్లోనే స్వీకృతం దాక్కొని ఉంది. ఎక్కడ దాక్కొందో చూపినవాడు జాన్ వాలిస్.

1663లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో వాలిస్ అయిదో స్వీకృతానికి ఒక నిరూపణ ఇచ్చాడు. ఏ ఆకారానికైనా దాని కోణాలు మారకుండా కావలసినంత పెద్దదైన, లేదా చిన్నదైన సరూప ఆకారం ఉంటుందని ముందుగా ఒప్పుకొంటే చాలు, అయిదో స్వీకృతం వచ్చేస్తుంది. నిరూపణలో దోషం లేదు. అయితే ఒప్పుకొన్న మాట అయిదో స్వీకృతంతో సమానమైన బలం గలదే. ఒక తలుపు మూసి ఇంకో తలుపు తెరిచినట్లయింది.

ఇప్పుడు ఫెర్మా రేఖ దగ్గరకు తిరిగి వెళ్లండి. ఇకి, ఎకి నిష్పత్తి స్థిరంగా ఉంటే కొసలు సరళరేఖ మీద ఉంటాయని ఎలా చెప్పాడు? త్రిభుజాలు సరూపాలు కాబట్టి. 4 యూనిట్లకు 3, 8 యూనిట్లకు 6, 400 యూనిట్లకు 300 లేచే రేఖకు "వాలు 3/4" అని ఒకే సంఖ్య చెప్పగలుగుతున్నామంటే, చిన్న త్రిభుజానికి, పెద్ద త్రిభుజానికి కోణాలు ఒకటే అని నమ్మాం. అంటే వాలు అనే మాట పలికిన క్షణమే వాలిస్ స్వీకృతాన్ని, దానితో పాటు అయిదో స్వీకృతాన్ని ఒప్పుకొన్నాం. కెకి ఒకే విలువ రావడంలో ఆశ్చర్యం ఏముంది? మనం లోపల పెట్టిందే బయటికి వచ్చింది.

ఈ స్వీకృతం లేకపోతే ఏమవుతుందో చూడాలని 1733లో మిలాన్‌లో సచేరి తన గ్రంథంలో దూరం దాకా వెళ్లాడు. వింత ఫలితాలు వరుసగా వచ్చాయి గానీ వైరుధ్యం రాలేదు. చివరికి సరళరేఖ స్వభావానికి ఇది సరిపడదంటూ ఆపేశాడు. ఆగకుండా ముందుకు వెళ్లినవారు ఇద్దరు: 1829లో రష్యాలోని కజాన్‌లో లోబచెవ్‌స్కీ, 1832లో హంగేరీకి చెందిన యానోష్ బొల్యాయ్. ఒక బిందువు గుండా ఒక రేఖను కలవని రేఖలు అనేకం ఉండే జ్యామితిని ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా నిర్మించారు. ఆ జ్యామితిలో సరూప త్రిభుజాలు ఉండవు. మూడు కోణాలూ సమానమైతే త్రిభుజాలు సర్వసమానాలే అవుతాయి. దీర్ఘచతురస్రం కూడా ఉండదు. అంటే అక్కడ మన గ్రాఫ్ కాగితాన్ని గీయడమే సాధ్యం కాదు.

ఇదంతా మాటల గారడీ కాదని నమ్మకం కుదిరింది 1868లో. ఇటలీకి చెందిన బెల్ట్రామి ఆ జ్యామితికి ఒక నమూనా చూపాడు. విశేషమేమిటంటే దాన్ని మనం మన సాధారణ సమీకరణాలతోనే పరిశీలించవచ్చు. మూలబిందువు కేంద్రంగా, 1 యూనిట్ వ్యాసార్ధంతో వృత్తం గీయండి. వృత్తం లోపలి బిందువులే "బిందువులు", దాని జ్యాలే "రేఖలు" అనుకోండి. వృత్తం బయట ఏమీ లేదు. ఇప్పుడు మన పాత ప్రశ్ననే అడుగుదాం. ఇచ్చిన రేఖ వై = 0, ఇచ్చిన బిందువు (0, 1/2).

ఆ బిందువు గుండా పోయే రేఖ వై = ఎమ్ఎక్స్ + 1/2. ఇది వై = 0ను ఎక్స్ = −1/(2ఎమ్) దగ్గర కలుస్తుంది. ఎమ్ = 1 అయితే ఎక్స్ = −1/2, వృత్తం లోపలే కలిశాయి. ఎమ్ = 1/4 అయితే ఎక్స్ = −2, అది వృత్తం బయట. ఆ ప్రపంచంలో బయట అనేది లేదు కనుక ఆ రెండు రేఖలు కలవవు. లెక్క చూస్తే ఎమ్ విలువ −1/2 నుంచి 1/2 వరకు ఏదైనా సరే, రేఖ వై = 0ను లోపల కలవదు. వాటిలో ఎమ్ = 0 ఒక్కటే యూక్లిడ్ తలంలోని మన పాత సమాంతర రేఖ. మిగిలినవన్నీ కొత్తగా వచ్చి చేరినవి. వృత్తం అంచు మీదే వై = 0ను తాకే చివరి రెండు రేఖలు 2వై = ఎక్స్ + 1, 2వై = −ఎక్స్ + 1. లోబచెవ్‌స్కీ సమాంతర రేఖలు అన్న పేరును ఈ రెండింటికే ఉంచాడు. వాటి మధ్య ఉన్న అనంతమైన రేఖలు కలవని రేఖలే అయినా, ఆయన లెక్కలో సమాంతరాలు కావు.